అల్లుడు పంపిన వ్యాసాలు

అల్లుడు తనను చంపబోతున్నాడు. ముసలాయన దృష్టిలో అది తేలిపోయిన విషయం. ఎలా చంపుతాడన్నదే ఇంకా తేలాలి.

భార్య పోయాక ఆయన కూతురింటికి చేరాడు. జీవితమంతా తాళాలు బాగుచేసిన మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక చదవడం తప్ప మరో పనిలేదు. మందుల షాపు నడిపే అల్లుడు ఒక ఈ-రీడర్ కొనిచ్చాడు. కూతురు దాన్ని ఏదో అకౌంటుకి కలిపి, ఇంటర్నెట్‌లో చూసి దాచుకున్న వ్యాసాలు రోజూ పొద్దున్నే కొన్ని వాటంతటవే అందులోకి దిగుతాయని చెప్పింది. ఎవరు దాచుకున్నవని ఆయన అడగలేదు. అల్లుడి రీడరు, అల్లుడి వ్యాసాలు.

మొట్టమొదట దిగింది రుచీ వాసనా లేని విషాల గురించి. తర్వాత, మెట్ల మీంచి జారిపడి చనిపోయిన ముసలివాళ్ళ గురించి పోలీసులు ఎందుకు ఆరా తీయరో వివరించే వ్యాసం. ఆ తర్వాత గుర్రుపెట్టే మగవాళ్ళ గురించి, తలగడల గురించి, బొమ్మలతో సహా. తన గుర్రు అల్లుడి గది దాకా వినిపిస్తోందన్నమాట.

రీడరు కట్టేసి పక్కన పడెయ్యమంది కూతురు. శత్రువు తన ఎత్తులన్నీ ముందే పంపుతుంటే చదవకుండా ఉండే వెర్రివాణ్ణి కాదన్నాడాయన.

మంచినీళ్ళ కూజాకి తాళం వేశాడు. చక్కెర డబ్బాకీ వేశాడు. మెట్లు కూర్చుని దిగడం అలవాటు చేసుకున్నాడు. తలగడ బీరువాలో పెట్టి తాళంచెవి మెడలో వేసుకున్నాడు. కాఫీ వస్తే ముందు అల్లుడి చేత ఒక గుక్క తాగించేవాడు. మామయ్యకి ఇన్నాళ్ళకి తన మీద ప్రేమ పుట్టిందని అల్లుడు మురిసిపోయాడు.

మొండి మనుషులు ఒక పట్టాన ఎందుకు పోరో చెప్పే వ్యాసం దిగిన రోజు ఆయన ఓర్పు నశించింది. మొగుడో తండ్రో తేల్చుకోమని కూతురితో అన్నాడు. ఆమె బతిమాలింది, ఏడ్చింది, చివరికి మొగుడి బట్టలు పెట్టెలో సర్దింది. ఆయన ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేశాడు.

"నేనేం పంపలేదు మామయ్యా," అన్నాడు అల్లుడు, పెట్టె పక్కన నిలబడి. "షాపు మూసి వచ్చేసరికి నాకు పేపరు చదివే ఓపికే ఉండదు."

"నువ్వు చదవక్కర్లేదులే. నేను చదివి చస్తే చాలు నీకు."

ఇన్‌స్పెక్టరు వచ్చి రీడరుని అటూ ఇటూ తిప్పి చూశాడు. వ్యాసాలు ఎప్పుడు దాచారో ఎక్కడో ఉండాలి కదా, చూపించమని కూతుర్ని అడిగాడు. ఆమె ఫోన్లో అకౌంటు తెరిచి చూసి, అలాగే పెట్టె మీద కూలబడింది.

"ఇవన్నీ నా పెళ్ళికి ముందు దాచినవి నాన్నా," అంది. "అప్పటికి ఈయనెవరో మనకి తెలీదు. మళ్ళీ కొత్తది తెరవడం ఎందుకులే అని, ఇంట్లో ఉన్న పాత అకౌంటే కలిపాను."

ముసలాయన ఫోను లాక్కున్నాడు. అకౌంటు మీదున్న పేరు చదివాడు. చిన్న పేరే, చాలాసేపు చదివాడు. తర్వాత అల్లుడి పెట్టె లోపల పెట్టమన్నాడు. కేసు రాసుకోవాలా అని ఇన్‌స్పెక్టరు అడుగుతుంటే, అతని వైపు చూడకుండా కూతురి వైపు తిరిగాడు.

"పోయాక మీ అమ్మ మీద కేసేం పెడతాను? ఈ సంగతి ఇక జన్మలో నా దగ్గర ఎత్తొద్దు."