పడగొట్టిన గుర్తురాళ్లు

ఆ మనిషి కొండదారి చూపే గుర్తురాళ్లను పడగొడుతుంటే రమ్జీ కళ్లారా చూశాడు.

అసలే పొద్దుటినుంచి అతనికి ఏదీ కలిసిరాలేదు. బీరూట్‌లో బయల్దేరడమే ఆలస్యమైంది. కొండెక్కాక ఫోనుకి సిగ్నల్ సరిగ్గా అందడం లేదు. కొత్త బూటు మడమ కొరికేసింది. కొండకవతల ఊళ్లో హింద్ పిన్ని మాంసం దంచి, కిబ్బె చేసి కూర్చుని ఉంటుంది. మధ్యాహ్నం దాటితే ఆమె నోటికి ఎవరు జవాబు చెప్తారు?

పైగా వెంట చెల్లెలు లమియా.

ఒక్క కందిరీగ కుట్టినా ఆమెకి ప్రాణం మీదికొస్తుంది. చిన్నప్పుడొకసారి వచ్చింది కూడా. అందుకే మందు నింపిన సూది ఆమె సంచీలో ఎప్పుడూ ఉంటుంది. ద్రాక్ష పండే రోజులంటే కందిరీగలు తిరిగే రోజులే. ఈ నెలలో వద్దే అంటే వింటేనా!

దారి రెండుగా చీలేచోట నిలబడి, ఆ ముసలాయన కాలితో తన్ని మరీ రాళ్లు దొర్లిస్తున్నాడు.

"ఏమయ్యా పెద్దమనిషీ, ఏం పనది?"

ఆయన ఇటు తిరిగాడు. మొహం ఎర్రగా ఉబ్బిపోయి ఉంది. కళ్లు సరిగ్గా తెరుచుకోవడం లేదు. ఒక కాలికే జోడుంది. నోరు తెరిచాడు గాని, నాలుక తిరగక ముద్దముద్దగా ఏదో శబ్దం వచ్చింది. బట్టలనుంచి అరక్ సారా వాసన గుప్పుమంది.

"ఇదా సంగతి," అన్నాడు రమ్జీ. "ఇంకా మధ్యాహ్నమైనా కాలేదు, అప్పుడే సీసా ఖాళీ చేశావా?"

ముసలాయన కిందిదారి వైపు చూపించి వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. చేతికర్రతో పైనున్న నిట్టనిలువు దారి చూపించాడు.

"ఆ డొంకలో పడి నువ్వే పో. మేం ఊరికెళ్లాలి."

ఆ కొండల్లో నడిచేవాళ్లకి ఒక మర్యాద ఉంది. గుర్తురాళ్లు పడిపోయి కనిపిస్తే మళ్లీ పేర్చిగాని ముందుకు సాగకూడదు. రమ్జీ పళ్లు కొరుకుతూ వంగి, ఒక్కో రాయీ ఎత్తి పేర్చాడు.

పేర్చడం పూర్తికాకముందే ముసలాయన కర్రతో ఒక్క తోపు తోశాడు.

"నీకేమైనా బుద్ధుందా? వెనకొచ్చేవాళ్లు దారితప్పి లోయలో పడితే నువ్వెత్తుతావా?"

రమ్జీ మళ్లీ పేర్చాడు. ఈసారి ఆయన రాళ్ల జోలికి పోలేదు. లమియా చెయ్యి పట్టుకుని పైదారి వైపు లాగాడు.

రమ్జీకి ఒళ్లు మండిపోయింది. ఆ చెయ్యి విడిపించి, ముసలాయన్ని ఈడ్చుకెళ్లి దేవదారు చెట్టు కింద కూలేశాడు.

"మత్తు దిగేదాకా ఇక్కడే పడుండు."

"అన్నయ్యా, ఆయన మొహం చూశావా? ఏదో బాగాలేదు," అంది లమియా.

"తాగినోడి మొహం అలాగే ఉంటుంది. పద."

"కాసిని నీళ్లయినా ఇద్దాం."

"ఇస్తే మన మీదే ఊస్తాడు. పద తల్లీ, అవతల పిన్ని చంపేస్తుంది."

లమియా వెనక్కి చూస్తూనే నడిచింది. రమ్జీ తిడుతూనే నడిచాడు. తాగుబోతుల్ని, బూటుని, ఆదివారం ఇంట్లో పడుకోకుండా బయల్దేరిన తన బుద్ధిని, ఎవర్నీ వదల్లేదు.

కాస్త దిగేసరికి బూటు కింద ఏదో నలిగింది.

గాజుపెంకులు. అరక్ వాసన. పక్కనే ఒక జోడు.

నాలుగడుగుల అవతల, రాతిగోడ అడుగున మట్టి పెళ్లగిలి ఉంది. ఆ బొరియలోంచి గోధుమరంగు కందిరీగలు కుప్పలుగా లేస్తున్నాయి.

రమ్జీ చెయ్యి అడ్డంపెట్టి చెల్లెల్ని ఆపాడు. "ఊపిరి కూడా గట్టిగా తియ్యకు. మెల్లగా వెనక్కి."

అడుగులో అడుగు వేసుకుంటూ మలుపు దాటారు. ఒక్కటీ కుట్టలేదు. రమ్జీ హమ్మయ్య అనుకునేలోపు లమియా సంచీ విప్పింది.

"అది తాగిన మొహం కాదు అన్నయ్యా. అప్పుడు ఆసుపత్రిలో అమ్మ నాకు అద్దం ఇవ్వలేదు, దొంగతనంగా చూసుకున్నాను. ఆ మొహమే అది."

సూది చేతపట్టుకుని పైకి పరుగెత్తింది.

ముసలాయన చెట్టు కింద లేడు. పాక్కుంటూ చీలిక దగ్గరికి వచ్చాడు. రమ్జీ పేర్చిన రాళ్లన్నీ మళ్లీ చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆయన కిందిదారికి అడ్డంగా పడి ఉన్నాడు.

లమియా ఆయన తొడలో సూది గుచ్చింది. గుండె మీద చెవి ఆనించింది. ఎంతసేపటికీ తల ఎత్తలేదు.

"లే పెద్దాయనా," అన్నాడు రమ్జీ. "లే, నువ్వు చెప్పిన దారినే వస్తాం."

అప్పుడు మోగింది ఫోను.

"ఎక్కడున్నార్రా?" పిన్ని గొంతు. "చేసి చేసి నా వేళ్లరిగాయి. మా తన్నూస్ కనిపించాడా? ఆ గుర్తురాళ్లన్నీ పేర్చింది ఆయనే. మా పిల్లకి కందిరీగ పడదు, కాస్త దారి చూసి రావయ్యా అంటే తెల్లారగానే బయల్దేరాడు. తుట్టె ఉందంటే ఆ దారి రాళ్లు పడగొట్టేస్తాడు, మా ఊళ్లో అదే పద్ధతి. రాళ్లు పడి ఉంటే మాత్రం అటు రాకండి."

రమ్జీ చెదిరిన రాళ్లకేసి చూశాడు.

"వింటున్నావా? నీకోసం కాచిన అరక్ కూడా ఆయన చేతికే ఇచ్చి పంపాను. జన్మలో చుక్క ముట్టని మనిషి, సీసా భద్రంగా నీకే అందిస్తాడు."