దీపం పన్ను

"కొత్త చెప్పుల చప్పుడు. కొత్త మనిషివా బాబూ?" అంది కుర్చీలవ్వ, అల్లుతున్న కుర్చీ మీద నుంచి తలెత్తకుండానే.

"అవునవ్వా. ఈ నెల నుంచి ఈ వీధి పన్నులు నేనే వసూలు చేస్తాను," అంటూ బిల్లు కలెక్టరు గడప దాటబోయి ఆగిపోయాడు. బట్టల కొట్టు షావుకారు అప్పటికే లోపల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో కాగితంతో.

"సమయానికొచ్చావయ్యా! మలుపులో వీధి దీపం పోయి మూడు నెలలు. దీపం రాదు గానీ దాని పన్ను మాత్రం ఠంచనుగా వస్తుంది. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా?" అన్నాడు షావుకారు.

కలెక్టరు గడప దగ్గరే నిలబడి అవ్వ వైపు చూశాడు. దీపం పోయిన మర్నాడే ఈ అవ్వ మునిసిపల్ ఆఫీసుకొచ్చి, అందరికంటే ముందు ఫిర్యాదు రాయించి, సాయంత్రం దాకా కదల్లేదని అతను విన్నాడు.

షావుకారు కాగితం మరోసారి పైకి చదివాడు. వీధంతా తన ఖర్చుతో దీపాలు పెట్టిస్తాడు. ఇళ్లవాళ్లందరూ కలిసి ఆఫీసు దీపాలూ వద్దు, వాటి పన్నూ వద్దు అని రాసిస్తే చాలు. పధ్నాలుగు ఇళ్లు సంతకాలు పెట్టాయి. పదిహేనోది అవ్వది. ఒక్కరు కాదన్నా కాగితం చెల్లదు. షావుకారుది ఎముక లేని చెయ్యి. ఆయన సాయం అందని ఇల్లు ఆ వీధిలో లేదు.

"వేలిముద్ర వెయ్యవ్వా. వీధి మొత్తం నీ కోసమే చూస్తోంది."

"మీరు ధర్మాత్ములు బాబూ, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. నా ఇల్లు కురుస్తుంటే రేకులు వేయించింది మీరే. మరి టైలరు కొట్టు ముందు బెంచీ కూడా మీరే వేయించారు. అతనితో మాటామాటా వచ్చాక ఏం చేశారు?"

షావుకారు గొంతు తగ్గింది. "తీయించేశాను. ఏదో కోపంలో..."

"కోపం మనిషికి వస్తుంది. దీపానికి రాకూడదు."

"వీళ్ల దీపం మాత్రం వెలిగి చస్తోందా?"

"వెలగకపోతే వెళ్లి గొడవ పెట్టుకుంటాను. పన్ను కట్టినదాన్ని, నాకా హక్కుంది. మీ దీపం పోతే? చేతులు కట్టుకుని మీ గుమ్మం ముందు నిలబడాలి."

షావుకారుకి నవ్వూ వచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. "అది సరే, అసలు నీకెందుకవ్వా ఈ గోల? ఈ వీధిలో ఆ దీపంతో పనిలేని మనిషివి నువ్వొక్కదానివే కదా!"

అవ్వ చేతులు మొదటిసారి ఆగాయి.

"పక్కింటి నర్సమ్మ డ్యూటీ దిగి చీకటి పడ్డాకే వస్తుంది. ఇదివరకు టకటకా నడిచేది. ఇప్పుడు ఒక్కో అడుగూ తడుముకుంటూ వేస్తోంది. మొన్న కాలవలో పడింది. రోజూ ఆ అడుగులు వింటూ కూర్చోవడం నా వల్ల కాదు బాబూ. రేపు మీకు నా మీద కోపమొచ్చినా ఆ పిల్లకి దీపం ఉండాలి."

షావుకారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రేపు నీ చెయ్యి పట్టుకుని నేనే ఆఫీసుకి తీసుకెళ్తాను. ఇద్దరం కలిసి అరుద్దాం. వాళ్లు వేసేదాకా మలుపులో నా బల్బొకటి వేలాడుతుంది. దానికి కాగితాలూ వద్దు, నా పేరూ వద్దు."

"టైలరు బెంచీ?"

"వేయిస్తాలే తల్లీ!" అని నవ్వుతూ వెళ్లిపోయాడాయన.

అవ్వ కొంగుముడి విప్పి డబ్బు తీసి చెయ్యి చాపింది. "రసీదు రాసి, పైకి చదువు."

కలెక్టరు పుస్తకంలో ఆమె ఇంటి నంబరు వెతికి బుర్ర గోక్కున్నాడు. "అవ్వా, మీకు దీపం పన్ను మాఫీ అని ఉంది. అయినా ఏటేటా కట్టినట్టున్నారే!"

"పాతాయనా ఇదే పాట పాడేవాడు. నువ్వు రాయి."

పెద్ద వయసని మాఫీ ఇచ్చి ఉంటారనుకున్నాడు. ఎగ్గొట్టే దారులు వెతికేవాళ్లనే చూసిన కళ్లకి ఈమె దేవతలా కనిపించింది. రసీదు చదివి వినిపించి, మాట రాక, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆమె పలకలేదు, మళ్లీ అల్లికలో పడిపోయింది.

కొంచెం చిన్నబుచ్చుకుని పుస్తకం మూయబోతుంటే, మాఫీకి కారణం రాసే గడి మీద అతని చూపు పడింది.

పుట్టుకతో చూపు లేదు.