నకలు లేని ఉత్తరాలు

"అమ్మగారూ, ఈవిడకి అయ్యగారు రాసిన జవాబు ఒక్కటీ నకలు పుస్తకంలో లేదు," అన్నాడు గుమాస్తా క్నోల్.

అతని చేతిలో ఆకుపచ్చ నాడా కట్టిన ఉత్తరాల కట్ట ఉంది. పైన పేరు: ఆల్మా స్ట్రూబె, గేరా పట్టణం.

"తెలుసు," అంది ఒటీలియా వెండ్లర్.

లైప్‌జిగ్‌లోని వెండ్లర్‌ల సంగీత ప్రచురణశాల ఆ నెలతో చేతులు మారుతోంది. డెబ్భై ఏళ్ళ కాగితాలు నగర గ్రంథాలయానికి వెళ్తున్నాయి. పంపేముందు ప్రతి ఉత్తరం గురించీ జాబితాలో ఒక వాక్యం రాయాలి. మూడు వారాలుగా ఇద్దరూ అదే పనిలో ఉన్నారు.

బయటికి వెళ్ళే ప్రతి ఉత్తరాన్నీ తడిపిన పల్చని కాగితం మీద అదిమి నకలు తీయడం ఆ ఇంటి పద్ధతి. ఆ నకళ్ళ పుస్తకాన్ని గుమాస్తాలందరూ తిరగేసేవారు. సొంత ఉత్తరాలకు మాత్రం నకలు ఉండదు.

ఆల్మా దగ్గర్నుంచి ఇరవై ఆరేళ్ళలో నలభై ఒక్క ఉత్తరాలు వచ్చాయి. వచ్చినప్పుడల్లా ఒటీలియా భర్త రైన్‌హోల్ట్ తలుపు వేసుకుని చదివేవాడు. ఆ సాయంత్రం భార్యతో మరీ ముద్దుగా మాట్లాడేవాడు.

"ఒటీ, నీ కొత్త పాట అచ్చుకి పోతోంది. ఇంటింటా ఆడపిల్లలు వాయిస్తారు చూడు!"

తప్పు చేసిన మగవాడి మంచితనం, అనుకునేది ఒటీలియా.

ఆయన పోయి పదకొండు నెలలైంది. ఆ నాడా ఆమె ఇంతవరకూ విప్పలేదు. విప్పితే చదవాలి. చదివితే నిజమైపోతుంది.

అప్పుడే మెట్లమీద ఎవరిదో కూనిరాగం వినిపించింది. ఒటీలియా ఉలిక్కిపడింది. అది తన పాటే, మొట్టమొదట అచ్చయిన పాట.

గుమ్మంలో ఒక బక్కపల్చని మనిషి నిలబడింది. అరవై ఏళ్ళుంటాయి. చేతి తొడుగుల వేళ్ళకి కుట్లు పడి ఉన్నాయి.

"నా పేరు ఆల్మా స్ట్రూబె."

ఒటీలియా ఆమెని తలనుంచి పాదాల దాకా చూసింది. ఇంత వికారమైన మనిషి కోసమా!

"ఆ పాట మీకెలా వచ్చు?"

"ఎప్పుడో నోటికి పట్టేసిందండీ. పాతికేళ్ళ పైమాటే."

"ఆయన పాడి వినిపించారు కాబోలు."

ఆల్మా చేతి తొడుగులు విప్పి పట్టుకుంది. "కాగితాలు గ్రంథాలయానికి ఇస్తున్నారని పత్రికలో చూశాను. నా ఉత్తరాలు నాకిచ్చేస్తే తీసుకెళ్తాను. అక్కడ అందరూ చదువుతారు."

"చదివితే సిగ్గేస్తుందా?"

"నాకు కాదండీ."

"ఓహో, నా కోసమా! ఎంత దయ! విన్నావా క్నోల్?"

క్నోల్ కలం మొన పరీక్షగా చూసుకుంటున్నాడు.

ఆల్మా చూపు గోడవార ఉన్న పియానో మీద పడింది. "ఇప్పుడేమైనా రాస్తున్నారా? కొత్త పాటలు?"

"ఆయన పోయాక మానేశాను. మీకెందుకు?"

"మానకండి. మీరు మానకూడదు."

ఒటీలియాకి ఒళ్ళు మండిపోయింది.

"నువ్వెవరు నాకు చెప్పడానికి? మొగుణ్ణి పంచుకున్నది చాలలేదా? ఇప్పుడు నా పియానో దాకా వచ్చావా?"

ఆల్మా ముఖం ఎర్రబడింది. కట్టకేసి ఒకసారి చూసింది.

"పోనీ, మీ చేత్తోనే పొయ్యిలో వేసెయ్యండి. చదవకుండా వెయ్యండి, చాలు. నాలుగున్నర రైలుకి బ్రెమెన్ వెళ్తున్నాను. అక్కణ్ణుంచి ఓడ. బ్రెజిల్‌లో మా తమ్ముడున్నాడు. ఇక తిరిగి రావడమంటూ ఉండదు."

"మంచిది. పీడా పోతుంది."

ఆల్మా తల వంచి నమస్కరించి దిగిపోయింది. ఈసారి మెట్లమీద పాట లేదు.

ఆల్మా ఎక్కిన గుర్రబ్బండి చక్రాల చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఒటీలియా కిటికీ దగ్గరే నిలబడింది. ఎంతసేపటికో ఇటు తిరిగింది.

"విప్పు క్నోల్. జాబితాలో దాని పేరు పెద్ద అక్షరాలతో రాయి. ఊరంతా చదువుకోనీ."

"పొయ్యిలో వెయ్యమంది కదమ్మగారూ..."

"నువ్వు పని చేస్తున్నది దాని దగ్గరా, నా దగ్గరా?"

క్నోల్ నాడా విప్పి మొదటి ఉత్తరం తీశాడు. చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. కలం ముట్టుకోలేదు.

"రాయవేం?"

"ఏం రాయాలో తోచడం లేదమ్మగారూ."

"అంత బరితెగించి రాసిందా? పైకి చదువు, నేనూ వింటాను."

గడియారం ఐదు కొట్టింది. క్నోల్ గొంతు సవరించుకున్నాడు.

"'వెండ్లర్ గారికి నమస్కారం. మీ శ్రీమతి మొదటి పాట అందింది. పియానో మీద ఎడమచేత్తో వాయించే స్వరాలు చాలాచోట్ల తప్పాయి. ఆ భాగం మొత్తం తిరగరాసి పంపుతున్నాను.'"

క్నోల్ తలెత్తాడు. "చాలా అమ్మగారూ?"

"ఆపకు," అంది ఒటీలియా. ఆమె చెయ్యి కుర్చీ కోసం వెతుక్కుంటోంది.

"'ఇకముందు కూడా అచ్చుకి వెళ్ళేముందు ఆవిడ పాటలు నాకు పంపండి. ఆ సంగతి ఆవిడకి తెలియనివ్వకండి. మీ జవాబులకి నకలు తీయించకండి. గుమాస్తాలు చదివి ఆవిడ వెనక నవ్వుకుంటారు. బాణీని మాత్రం నేను ముట్టుకోలేదు. పొద్దుటినుంచీ అదే నా నోట్లో ఆడుతోంది. అలాంటిది ఒక్కటైనా నాకు తట్టి ఉంటే, ఇలా ఒకరి తప్పులు దిద్దుతూ బతికేదాన్ని కాదు.'"