ఎండిన కాడలు

"ఓ పెద్దయ్యా, ఆ చెత్త ముట్టకు. రోగమొస్తది," డాబా మీద నుంచి పద్మారాణి కేకేసింది.

కింద చెత్తకుప్ప దగ్గర లస్మయ్య ఎండిన కాడలు ఏరి పసుపురంగు సంచిలో వేసుకుంటున్నాడు. తల ఎత్తి చూశాడు గానీ ఏరడం మానలేదు.

ఆ కాడల్ని అరగంట క్రితం పైనుంచి పారేసింది పద్మారాణి వాళ్ళే. పాత డబ్బాల్లో నిలువునా ఎండిపోయి కనిపిస్తే, చచ్చిన మొక్కలే కదా అని వేళ్ళతో సహా పీకేశారు.

లాక్‌డౌన్‌తో వలసొచ్చిన ఈ లింబాయత్‌లో బట్ట నేసే సాంచాలు ఆగిపోయి నెల కావస్తోంది. రేషన్ బియ్యం ఉన్నాయి, కూర మాత్రం కంటికి కనబడటం లేదు. కారం మెతుకులు చూస్తేనే పిల్లలు మొహం తిప్పేసుకుంటున్నారు.

అందుకే పద్మారాణి, సోమలింగం, ఇంకో నలుగురు కలిసి గల్లీ జనానికి డాబా తోట నేర్పుతామని బయలుదేరారు. వాళ్ళకు మాత్రం ఎంత తెలుసునని అడక్కండి. ఫోన్‌లో చూసినంత తెలుసు.

ఎప్పుడూ తాళం వేసి ఉండే డాబాను ఇంటి యజమాని జగుభాయ్ వాళ్ళకిచ్చాడు. ఇస్తూ ఒక మెలిక పెట్టాడు. రాఖీ పండుగ నాటికి పచ్చగా కనబడకపోతే అక్కడ రేకుల గదులు వేయించేస్తాడట.

రోజూ పొద్దున్నే పాఠం. మూతికి దస్తీలు కట్టుకుని, సుద్దతో గీసిన సున్నాల్లో జనం కూర్చునేవారు. కూరగాయల తొక్కులతో ఎరువు చేయడం, నూలు చుట్టి వచ్చే అట్ట కోన్లలో మట్టి నింపి నారు పోయడం సోమలింగం చెప్పేవాడు.

లస్మయ్య కూడా వచ్చి చివరి సున్నాలో కూర్చునేవాడు. ఒక్కసారే నోరు విప్పాడు.

"ఇత్తులు ఏడికెల్లి తెస్తరు బిడ్డా?"

"దుకాన్ల కొంటం పెద్దయ్యా."

అందరూ నవ్వారు. లస్మయ్యా నవ్వాడు.

దుకాణం తెరిస్తే కదా! ఎవరింట్లోనో దొరికిన రెండు విత్తనాల ప్యాకెట్లు ఏ కాలం నాటివో, పదిహేను రోజులైనా ఒక్క మొలక రాలేదు. పాఠానికి వచ్చేవాళ్ళు పలచబడ్డారు. పద్మారాణికి ఏడుపొక్కటే తక్కువ.

మే నెలలో ఒక పొద్దున ఆమె మెట్లెక్కేసరికి, డాబా తలుపు ముందు వరసగా అట్ట కోన్లు. ప్రతి కోన్‌లోనూ రెండాకుల మొలక. పక్కనే సంచి నిండా గుడ్డ మూటలు, వాటిలో పుంటికూర, తోటకూర విత్తనాలు.

సంచి పసుపురంగుది.

చెత్త ముట్టకని తాను వేసిన కేక గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది. లస్మయ్య గదికి పరుగెత్తింది. తాళం. తెల్లవారుజామున వలస కూలీల రైలు దొరికి సొంతూరు జగిత్యాల వెళ్ళిపోయాడని పక్కింటి మంగ చెప్పింది. ఫోన్ నంబర్ ఎవరి దగ్గరా లేదు.

వానలు పడ్డాయి. తోట ఏపుగా పెరిగింది. అరవై ఇళ్ళలో పుంటికూర పప్పు ఉడికింది. గల్లీ మొత్తం ఆ పులుపు వాసనే. పక్క గల్లీ వాళ్ళొచ్చి, మా డాబాలున్నాయి, మాకూ నేర్పండని వెంటపడ్డారు.

సోమలింగం ఇప్పుడు మొదటి పాఠం మార్చేశాడు. "నాలుగు చెట్లు కొయ్యకుండ ఇడువుండ్రి. అవి ఎండాలె. ఎండినయే ఇత్తులు."

రాఖీ పండుగనాడు జగుభాయ్ డాబా ఎక్కాడు. ఒక్కో వరస దగ్గరా ఆగి చూసుకుంటూ డాబా అంతా తిరిగాడు. రేకుల గదుల మాటే ఎత్తలేదు.

పద్మారాణి అతనికి రాఖీ కట్టి, చేతిలో పుంటికూర కట్ట పెట్టింది. ఖాళీ డాబాను నమ్మి మా చేతికిచ్చావు భాయ్, నీ మేలు మరవం అంది.

జగుభాయ్ వింతగా చూశాడు.

"ఖాళీ ఎక్కడిది బెహన్? ఏడేళ్ళుగా ఇది లస్మయ్య తోట. 'నేనొక్కణ్ణే తింటున్నా, వాళ్ళయితే గల్లీ మొత్తానికి పెడతారు' అని తాళంచెవి తెచ్చి నాకిచ్చింది ఆయనే."