దోనెలో వచ్చే అన్నం

"మళ్ళీ మాడబెట్టావేంటే గంగా!"

జగ్గయ్య దిబ్బ అంచున నిలబడి అరిచాడు. అవతలి గట్టు కనపడదు, మధ్యలో నిలువెత్తు కిక్కిస గడ్డి. జవాబు లేదు. అలిగిందనుకున్నాడు.

పందొమ్మిది వందల ముప్పై నాలుగులో, తొలకరికి ముందు అతనికి అమ్మవారు పోసింది. ఊరివాళ్ళు ఈ కొల్లేటి దిబ్బ మీద గుడిసె వేసి దింపిపోయారు. అన్నం ఏర్పాటు పెళ్ళాం గంగమ్మది. తాటిదోనెకి రెండు తాళ్ళు. ఒకటి గుడిసె ముందు గుంజకి, రెండోది కిక్కిస అవతల ఆమె చేతికి. ఆమె కుండ పెడితే ఇతను లాక్కోవాలి. తిన్నాక ఆమె లాక్కుంటుంది.

"తాడు తెగితే వండుకుందువుగాని" అని గుడిసె వెనక పొయ్యి, బియ్యం బస్తా కూడా పెట్టించింది. తాడు తెగలేదు. ఇక ఆ వెనక్కి పోవాల్సిన పనేముందని జగ్గయ్య అనుకునేవాడు.

"ఒళ్ళు చల్లబడ్డాక కుండలో వేపమండ వేసి పంపుతాను. అది చూశాకే ఇంటికి రా. పిల్లదానికి అంటుకుంటే నేను బతకను" అంది వెళ్ళేటప్పుడు.

దిబ్బ మీద వేపచెట్టు లేదు. ఆమె పంపితేనే రావాలి. రోజూ మూత తియ్యగానే దానికోసమే చూస్తాడు. ఉండదు. పైగా వేళ్ళ కొసల మీద కొత్త పొక్కులు. తల్లి ఇంకా పోలేదు కాబోలని కూలబడతాడు.

మొదట్లో దుప్పటితో సహా ఎత్తుకుపోయే కొల్లేటి దోమలతో కుస్తీ పట్టాడు. తర్వాత ఓ గూడబాతుని మునసబుని చేసి, పెళ్ళాం మీద ఫిర్యాదు పెట్టాడు. అది తీర్పు చెప్పకుండానే ఎగిరిపోయింది. ఇప్పుడు పోట్లాడే ఓపిక కూడా లేదు. కళ్ళు మూసి తెరిస్తే పొద్దు వాలిపోతోంది. మధ్యలో ఏం జరిగిందో గుర్తుండటం లేదు.

కిక్కిస కదిలింది. పడవలో బావమరిది సోమరాజు.

"బావా! బతికే ఉన్నావా?"

"దగ్గరికి రాకురా! చెయ్యి చూడు, ఇంకా పోస్తూనే ఉంది."

"నువ్వు పోయావనే అనుకున్నాం బావా. దిబ్బ మీద ఎవరో అరుస్తున్నారని వలలేసేవాళ్ళు చెబితే వచ్చాను. పద, పిల్ల దెందులూరులో మా ఇంట్లోనే ఉంది. నాన్నేడని ప్రాణం తీసేస్తోంది."

"వేపమండ రాలేదురా. మీ అక్క పంపాలిగా."

సోమరాజు చేతిలో గెడ ఆగిపోయింది.

"అక్కెక్కడిది బావా... నిన్ను దింపిన వారానికే తనకీ పోసింది. దక్కలేదు. ఊరు ఊరంతా లేచొచ్చేశాం. అక్కడిప్పుడు పిల్లి కూడా లేదు."

జగ్గయ్య నవ్వాడు.

"నీ వెటకారాలు నువ్వూనూ! మరి ఇదెవరు పంపార్రా? మీ అమ్మమ్మా?"

కుండ మూత తీశాడు. మాడిన అన్నం ఇంకా పొగలు కక్కుతోంది.

సోమరాజు "అక్కా!" అని గాల్లోకి దణ్ణం పెట్టాడు. దోనెకున్న రెండో తాడు పట్టుకుని, దాని వెంటే పడవ పోనిచ్చాడు. తాడు కిక్కిసలో దూరింది. వంపు తిరిగింది.

"మెల్లగా రోయ్!" వెనకనుంచి జగ్గయ్య కేకేశాడు. "గట్టిగా లాగితే మీ అక్క తూలి పడుద్ది!"

తాడు కొస గుడిసె వెనక, ఇంకా ఆరని పొయ్యి పక్కన కట్టి ఉంది.