పేరుపాలెంలో ప్రభుదాసు

“ఇక్కడే కూర్చునేవాడమ్మా. కూర్చోగానే పాట ఎత్తుకునేవాడు,” అన్నాడు యెహెజ్కేలు.

తబిత తెల్లబోయింది. ఆమె భర్త ప్రభుదాసు వీలైన ప్రతి ఆదివారం ఈ ఇద్దరు పాత స్నేహితులతో పేరుపాలెం బీచ్‌కి వచ్చేవాడు. ఆయన పోయాక, ఈసారి వాళ్ళు ఆమెను రమ్మన్నారు.

“ఆయన పాడేవారా? ఇంట్లో కూనిరాగం కూడా తియ్యలేదండి.”

“మేం ఆపమన్నా ఆపేవాడు కాదు.”

ఆమె యెహెజ్కేలువైపు తిరిగింది.

“నా గురించి ఏమైనా చెప్పేవారా అన్నయ్యగారూ?”

స్నేహితులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఇక్కడికొచ్చాక ఇంటి మాటలు వద్దనుకునేవాళ్ళం అమ్మా,” అన్నాడు యెహెజ్కేలు మెల్లగా.

ఆ వద్దనుకున్న మాటల్లో తనూ ఉన్నానని తబితకు అర్థమైంది.

“మీరు మాట్లాడుకోండి అన్నయ్యగారూ,” అని లేచి, ఒక్కతే నీళ్ళదాకా నడిచింది.