రాయచోటి మాట

"యాడోళ్ళన్నా మీరు?"

కొత్తగా వచ్చిన మనిషి సంచిని మంచం కిందికి తోస్తూ అడిగిన మొదటి మాట అది.

రసూల్ చప్పున తలెత్తి చూశాడు. దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలోని ఈ ఇరుకు గదిలో, అచ్చం తన రాయచోటి యాస!

"మాది గుంటూరండీ. నా పేరు కరీం," అన్నాడు.

రెండూ అబద్ధాలే. ఉమ్ సలాల్‌లో అరబ్బు ఇంట్లో డ్రైవరు పని వదిలి పారిపోయి వచ్చాడతను. పోలీసులకు చిక్కితే విమానం ఎక్కించేస్తారు. ఆలోగా అన్న ఇమామ్‌ను వెతకాలి. తొంభై ఆరులో వీసా చూసి పిలిపించిన ఆ అన్నే, తీరా తను దిగేసరికి కనబడకుండా పోయాడు. ఊళ్ళోనూ ఎవరికీ కబురు లేదు.

ఈ సంగతి తెలిసింది గదిలో ఉండే ఖాసీం ఒక్కడికే. అతను నిజంగానే గుంటూరువాడు. రసూల్‌కు ఆ యాస నేర్పింది అతనే.

కొత్త మనిషి పేరు ఇక్బాల్.

"మీదే ఊరు?" ఖాసీం అడిగాడు.

"శానా దూరంలే అన్నా," అని నవ్వి ఊరుకున్నాడు.

అదేం జవాబు?

ఖాసీం రసూల్‌ను మెట్ల దగ్గరికి లాక్కుపోయాడు.

"మాట మీ వైపుదే, మనిషి మాత్రం కాదు. ఆ యాస ఎక్కడో అరువు తెచ్చుకున్నట్టుంది. జాగ్రత్త!"

ఆనాటి నుంచి ఇక్బాల్ ఎదుట రసూల్ నోరు విప్పడం మానేశాడు. నమాజుకు వెళ్ళినా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూసుకునేవాడు.

శుక్రవారం అన్నాల దగ్గర ఇక్బాల్ అడగనే అడిగాడు.

"రాయచోటి దిక్కు రసూలని ఎవరన్నా తెలుసునా అన్నా? డ్రైవరు. ఉమ్ సలాల్‌లో అడిగితే పారిపాయినాడన్యారు."

రసూల్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఎందుకు?" ఖాసీం గొంతు పెంచాడు.

"ఆయప్పకు ఒక మాట చెప్పాల."

"మాతో చెప్పు."

"ఆయప్పకే చెప్పాలన్నా."

అంతే. ఖాసీం లేచి అతని సంచిని వాకిట్లోకి విసిరాడు.

"యల్లా, నడు! నీలాంటి ఇన్‌ఫార్మర్లను చాలామందిని చూశాం."

ఇక్బాల్ రసూల్ వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పు కరీమన్నా. నేను అట్లాంటోన్ని కాదు."

రసూల్ తల దించుకుని, నేర్చుకున్న గుంటూరు యాసలో, "వెళ్ళండి," అన్నాడు.

పీడ వదిలిందని ఆ పూట ఇద్దరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

వారం తిరక్కుండానే ఒక నేపాలీ వచ్చాడు. ఇక్బాల్ మరిచిపోయిన దుప్పటి కావాలట.

"వాడే రాలేకపోయాడా?" ఖాసీం హిందీలో అడిగాడు.

"వీసా అయిపోయింది. పొద్దున ఢాకా విమానం ఎక్కేశాడు."

"ఢాకానా? తెలుగువాడు కాదూ?"

"బంగ్లా మనిషి. పెద్దాసుపత్రిలో నాతోపాటు వార్డు తుడిచేవాడు. యాక్సిడెంట్లో తలకు దెబ్బ తగిలి, ఒంటిమీద కాగితం ముక్కయినా లేకుండా మీ దేశం డ్రైవరొకడు మా వార్డుకొచ్చాడు. నెలల తరబడి అతనికి అన్నం తినిపించింది ఇక్బాలే. మీ భాష అట్లా వచ్చింది."

"ఆయన పేరు?" రసూల్ ముందుకొచ్చి అడిగాడు.

"ఇమామ్. పోయిన నెల చనిపోయాడు."



రసూల్ ఎవరో తెలియని నేపాలీ దుప్పటి మడతపెడుతూ చెప్పుకుపోయాడు.

"చివర్లో పాపం చూపు కూడా పోయింది. 'రసూలూ' అని తమ్ముణ్ణి పిలిచినప్పుడల్లా, చెయ్యి పట్టుకుని 'ఈడనే ఉండాన్నా' అని పలికింది ఇక్బాలే."